శుక్రవారం ఆర్డర్ మానేసి ఇంట్లో పాస్తా చేస్తే ముద్దయిపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

కూకట్‌పల్లి_లావణ్య
మా ఇంట్లో నలుగురం, పిల్లలు పదకొండేళ్లదొకతి, ఏడేళ్లవాడొకడు. శుక్రవారం బడి నుంచి వచ్చి బ్యాగు సోఫా మీద పడేయడం ఆలస్యం "అమ్మా ఇవాళ పాస్తానా" అని మొదలెడతారు. పోయిన వారం రెండు పాస్తాలు, ఒక గార్లిక్ బ్రెడ్ ఆర్డర్ పెడితే ప్యాకింగు, డెలివరీ, టాక్సు అన్నీ కలిసి 912 అయింది. డబ్బా మూత తీస్తే ఒక్కోదాంట్లో గుప్పెడు పాస్తా, మిగతాదంతా తెల్ల సాసు, ఇంటికొచ్చేసరికి అదీ పేరుకుపోయి ఉంది. నెలకి నాలుగు శుక్రవారాలు, మీరే లెక్కేసుకోండి.

సరే ఈసారి ఇంట్లోనే చేద్దామని ఒక వీడియో చూసి అందులో చెప్పినవన్నీ తెచ్చా. ఆలివ్ ఆయిలు, మోజరెల్లా, ఫ్రెష్ క్రీము, ఇటాలియన్ మసాలా సీసా, ఎర్రదీ పసుపుదీ క్యాప్సికం, మొత్తం 1,340. ఆర్డర్ కంటే ఎక్కువే అయింది. పోనీ బాగా వచ్చిందా అంటే అదీ లేదు. అన్నం గిన్నెలో నీళ్లు పోసి పాస్తా వేసి మూత పెట్టి ఓ ఇరవై నిమిషాలు ఉడికించా, చన్నీళ్లతో కడిగా, మళ్లీ సాసులో వేసి పది నిమిషాలు ఉంచా. గరిటె పెట్టి తిప్పితే చితికిపోయింది. మావాడు ఒక్క స్పూను నోట్లో పెట్టుకుని "అమ్మా ఇది ఉప్మానా" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఎక్కడ తప్పు చేశానో తెలిసినవాళ్లు చెప్పండి, తక్కువ ఖర్చులో చేసే దారి ఉంటే అదీ చెప్పండి.

రవ్వదోస_రాజు
అసలు పాస్తా ఎందుకండి. పెసలు నానబోస్తే పొద్దున్నకి పెసరట్టు, అల్లం పచ్చడి, నలుగురికీ కలిపి వంద రూపాయలు కూడా కాదు. బలం కూడా.

కూకట్‌పల్లి_లావణ్య
రాజు గారూ, పెసరట్టు వారంలో రెండుసార్లు ఉంటుంది మా ఇంట్లో. శుక్రవారం వాళ్లు అడిగేది పాస్తా. వాళ్లు అడిగింది ఇంట్లోనే పెట్టాలని నా తాపత్రయం.

పాకశాల_రమణ
నేను తొమ్మిదేళ్లు హోటల్ కిచెన్‌లో పనిచేశా, అందులో నాలుగేళ్లు పాస్తా స్టేషనే. మీరు రాసినదాంట్లో మూడు తప్పులున్నాయి, మూడూ చాలామంది చేసేవే.

మొదటిది నీళ్లు. అన్నంలా ఎసరు కొలిచి పెట్టకండి. వంద గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు అనేది ఇటలీవాళ్ల లెక్క, మనింట్లో అంత పెద్ద గిన్నె లేకపోతే ముప్పావు లీటరైనా సరిపోతుంది, కాకపోతే గరిటెతో మధ్య మధ్యలో తిప్పుతూ ఉండాలి. నీళ్లు తెర్లి బుడబుడా మరుగుతున్నప్పుడే పాస్తా వేయాలి, మూత పెట్టకూడదు, మొదటి రెండు నిమిషాలు తప్పకుండా కలపాలి, అప్పుడే ఒకదానికొకటి అంటుకునేది.

రెండోది టైము. ప్యాకెట్ వెనక ఎన్ని నిమిషాలని ఉంటుందో చూసి దానికి రెండు నిమిషాలు ముందే ఒకటి తీసి కొరకండి. మధ్యలో సన్నగా తెల్లచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క పోయీ పోకుండా ఉన్నప్పుడే దించేయాలి, మిగతా ఉడుకు సాసులో ఉడుకుతుంది. మీరు ఇరవై నిమిషాలు ఉడికించి, మళ్లీ పది నిమిషాలు సాసులో పెట్టారు, అంటే రెండు పాస్తాల టైము కంటే ఎక్కువే ఒకదానికి పెట్టారు.

మూడోది కడగడం. వేడిగా తినే పాస్తాని కడగకూడదు. పైన ఉండే పిండి జిగురే సాసుని పట్టుకునేది. వార్చే ముందు ఒక పెద్ద కప్పు ఆ నీళ్లు తీసి పక్కన పెట్టుకోండి. అవి మన గంజి లాంటివే. సాసులో పాస్తా కలిపాక పొడిపొడిగా అనిపిస్తే ఈ గంజి రెండు గరిటెలు పోసి పెద్దమంట మీద ఎగరేయండి, నూనె నీళ్లు రెండూ కలిసిపోయి సాసు చిక్కగా మెరుస్తూ పట్టుకుంటుంది. క్రీము లేకుండానే క్రీములా ఉంటుంది. క్రీము డబ్బులు మిగిలినట్టే.

ఇంకోటి, ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ, అంటే గట్టి రకం గోధుమ రవ్వ, అని రాసి ఉందో లేదో చూడండి. అది లేకుండా మైదాతో చేసినవి ఎంత జాగ్రత్తగా ఉడికించినా తొందరగా మెత్తబడతాయి.

మెహదీపట్నం_మమ్మీ
రమణ గారూ ఇది కాపీ చేసి పెట్టుకుంటున్నా. ఉడికే నీళ్లలో నూనె వేయాలంటారు, నిజమేనా?

పాకశాల_రమణ
అక్కర్లేదమ్మా. నూనె నీళ్ల పైన తేలుతుంది. వార్చేటప్పుడు పాస్తాకి పూత పూసినట్టై సాసు జారిపోతుంది. హోటల్లో నూనె రాసేది వేరే కారణానికి. పొద్దునే ముప్పావు ఉడికించి నూనె పట్టించి ట్రేల్లో ఫ్రిజ్‌లో పెట్టేస్తాం, ఆర్డర్ రాగానే రెండు నిమిషాలు సాసులో వేసి ఇచ్చేస్తాం. ఇంట్లో అప్పటికప్పుడు తినేదానికి ఆ అవసరం లేదు.

హాస్టల్_304
నాకు ఇన్నాళ్లూ ఆ తెల్లచుక్క సంగతే తెలీదు 😮

వైజాగ్_సురేఖ
అందరూ 912 ఒకవైపు, కూరగాయల ధర ఒకవైపు పెట్టి లెక్కేస్తున్నారు. ఒకటి ఎవరూ రాయట్లేదు. శుక్రవారం రాత్రి ఆర్డర్ పెట్టడంలో సగం కారణం ఆ ఒక్కపూట వంటింట్లో నిలబడక్కర్లేదని. నేను బ్యాంకులో చేస్తా, ఇంటికొచ్చేసరికి ఏడున్నర. ఉల్లిపాయలు కోసి, సాసు చేసి, పాస్తా వార్చి, పిల్లలకి పెట్టి, స్టవ్వు తుడిచి, నాలుగు గిన్నెలు తోమేసరికి పదిన్నర. ఆ మూడు గంటలకి వెల కట్టకుండా ఇంట్లో చవక అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

రవ్వదోస_రాజు
సురేఖ గారూ, మన అమ్మలు రోజూ చేశారు కదండి రెండు పూటలా.

వైజాగ్_సురేఖ
చేశారు. మా అమ్మ పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదకొండుకి పడుకునేది, యాభై ఏళ్లకే మోకాళ్లు అరిగిపోయాయి. అది చూస్తూ పెరిగాను కాబట్టే అడుగుతున్నా.

నిజాంపేట_నాన్న
సురేఖ గారితో ఏకీభవిస్తా. మా ఇంట్లో శుక్రవారం పాస్తా నాది. మా ఆవిడ ఆ రెండు గంటలు వంటింటి గడప తొక్కదు. నిజానికి మొత్తం నలభై నిమిషాలే పడుతుంది, ఎందుకంటే సాసు ఆదివారమే చేసి డబ్బాలో పెట్టేస్తా. శుక్రవారం నీళ్లు పెట్టడం, పాస్తా వేయడం, సాసు వేడి చేయడం. గిన్నె ఒకటి, మూకుడు ఒకటి, చిల్లుల గిన్నె ఒకటి, మూడే తోమాలి. మా పెద్దాడు వెల్లుల్లి ఒలుస్తాడు, చిన్నది ప్లేట్లు పెడుతుంది.

కూకట్‌పల్లి_లావణ్య
సురేఖ గారూ మీ మాట పట్టి మా ఆయనకి ఇప్పుడే చదివి వినిపించా. ఈ శుక్రవారం గిన్నెలు ఆయనవి. ఒప్పుకున్నారు. రమణ గారూ చాలా చాలా థాంక్స్. సాసు ఎలా చేయాలో, ఏవి కొనాలో ఏవి అక్కర్లేదో కూడా ఎవరైనా చెప్పండి.

మదనపల్లె_టమాటా
సాసు గురించి నేను చెప్తా. మాది మదనపల్లె పక్కనే, ఇంట్లో పంట టమాటానే. 2023 జూలైలో మా మార్కెట్లో కిలో నూట యాభై దాటింది, అందరూ టీవీల్లో చూసినారు. ఇంకో ఏడాది కిలో రెండు రూపాయలకి అడిగేవాళ్లు లేక మేమే ట్రాక్టర్‌తో తెచ్చి రోడ్డు పక్కన పారబోసినాం. అందుకే చవగ్గా ఉన్నప్పుడు నాలుగు కిలోలు కొని సాసు చేసి పెట్టుకోండి అని అందరికీ చెప్తా, మాకూ ఆ నాలుగు కిలోలు అమ్ముడుపోతాయి.

సాసుకి నాటు టమాటా కంటే కోలగా గట్టిగా కండ ఎక్కువుండే హైబ్రిడ్ రకం మేలు, నాటుది పులుపెక్కువ, రసమెక్కువ, పప్పుకీ చారుకీ అది పెట్టుకోండి. అడుగున కత్తితో ప్లస్ గుర్తులా గాటు పెట్టి మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేస్తే తోలు చేత్తో లాగితే వచ్చేస్తాది. చల్లారినాక చేత్తోనే చిదపండి, మిక్సీ వద్దు, మిక్సీలో వేస్తే గాలి పట్టి రంగు పాలిపోతాది. మూకుట్లో నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ, అవి మెత్తబడినాక టమాటా, ఉప్పు. సన్నమంట మీద ఇరవై అయిదు నిమిషాలు, నూనె అంచుల్లో తేలేదాకా. మన టమాటా పచ్చడికి చూసుకునే గుర్తే. పులుపు ఎక్కువుంటే ఒక క్యారెట్ తురిమి వేయండి, చక్కెర అక్కర్లేదు.

నిజాంపేట_నాన్న
మిక్సీ వద్దన్నది కరెక్ట్, నేను మిక్సీలో వేసినన్నాళ్లూ సాసు గులాబీ రంగులో వచ్చేది, ఎందుకో అర్థమయ్యేది కాదు. చల్లారాక డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్లో పెడితే నెల రోజులు నిక్షేపంలా ఉంటుంది.

డల్లాస్_శీను
2014లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు మేము నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో. క్యాంపస్‌లో పనిచేసి రాత్రి తొమ్మిదింటికి వస్తూ దారిలో బర్గరు కాంబో తీసుకుంటే ఏడెనిమిది డాలర్లు. పౌను పాస్తా డబ్బా, అంటే 454 గ్రాములు, డాలరు. టమాటా క్యాను ఇంకో డాలరు. నలుగురం కడుపునిండా తినేవాళ్లం, మర్నాడు పొద్దునకీ కాస్త మిగిలేది. మా రూమ్మేట్ నెల్లూరివాడు, వాడు ప్రతిసారీ పోపు గింజలు వేసేవాడు, ఆవాలు చిటపటమంటుంటే మేము వద్దురా బాబూ అని మొత్తుకునేవాళ్లం. తర్వాత అలవాటైపోయింది. ఇప్పటికీ మా పిల్లలకి కరివేపాకు వేసిన పాస్తానే పాస్తా.

మెహదీపట్నం_మమ్మీ
ఆవాలు వేస్తే ఇంక సేమియా ఉప్మానే అది 😄

డల్లాస్_శీను
సేమియా కూడా పాస్తా జాతే కదండీ. అదీ గోధుమపిండిని సన్నగా తీసి ఎండబెట్టిందే.

ఓరుగల్లు_పిలగాడు
లావణ్య అక్కా, నేను బ్యాచిలర్‌ని, రూంల ఒక్కటే స్టవ్ ఉంటది. సాసు గీసు ఏం చెయ్య. పాస్తా ఉడికేలోపే ప్లేట్ల ఎల్లిపాయలు పది పన్నెండు సన్నగా కోసుకుంట. ఇంట్లకెళ్లి అమ్మ పంపిన పల్లినూనె నాలుగు చెంచాలు మూకుట్ల పోసి, చల్లగ ఉన్నప్పుడే ఎల్లిపాయ ఏసి సన్నమంట పెడ్త. గదే అసలు పని. నూనె వేడెక్కుతుంటే ముక్కల చుట్టూ చిన్న చిన్న బుడగలొస్తయి, రూమంత వాసనొస్తది, అంచులు గింత లేత గోధుమరంగు పడంగనే రెండు ఎండుమిరపకాయలు తుంచి ఏస్త, ఎంటనే గంజి గరిటెడు పోస్త, చుయ్యిమంటది. ఇంకొక్క నిమిషం ఆగితే ఎల్లిపాయ నల్లగై చేదొస్తది, గప్పుడు మళ్ల మొదట్నుంచి చేసుకోవాల్సిందే. పాస్తా ఏసి రెండు నిమిషాలు కలిపి పైకెళ్లి ఎల్లిపాయ కారం చల్లుకుంట. ముప్పై రూపాయలల్ల అయిపోతది, మస్తుంటది.

డల్లాస్_శీను
తమ్ముడూ నువ్వు చేసేది అచ్చంగా ఇటలీలో నేపుల్స్ ఊరి వంట. వాళ్లు దాన్ని ఆల్యో ఎ ఓల్యో అంటారు, వెల్లుల్లి, నూనె, అంతే. వాళ్లూ ఎండుమిర్చి వేస్తారు. మిరపకాయ వాళ్లకీ మనకీ ఇద్దరికీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, టమాటా కూడా.

ఓరుగల్లు_పిలగాడు
గట్లనా అన్నా, నాకు తెల్వదు. నెలాఖరుకి పైసలు లేక మొదలుపెట్టిన.

ఆడిటర్_బాబు
ఖర్చు లెక్క ఎవరూ పూర్తిగా వేయలేదు కాబట్టి నేను వేస్తున్నా. నలుగురికి, ఇద్దరు పిల్లలు కాబట్టి 300 గ్రాముల పాస్తా చాలు. మా వీధి షాపులో అరకిలో ప్యాకెట్ 92, అంటే 55. టమాటా అరకిలో పైన, 18. రెండు ఉల్లిపాయలు 8, వెల్లుల్లి 10, నూనె 15, మామూలు పచ్చ క్యాప్సికం 20, చీజ్ క్యూబులు రెండు 35, గ్యాసు ఓ 10 వేసుకోండి. మొత్తం 171. మీ 912లో అయిదో వంతు కంటే తక్కువ. నెలకి నాలుగుసార్లంటే మూడు వేల రూపాయలకి ముప్పై ఆరు తక్కువ మిగులుతుంది.

ఇంకో మాట. యాప్‌లో ఆర్డర్ పెడితే 2022 జనవరి 1 నుంచి హోటల్ తిండి మీద 5 శాతం జీఎస్టీ ఆ యాపే వసూలు చేసి కడుతోంది. పాస్తా ప్యాకెట్ మీద 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5కి తగ్గింది. పాత సరుకు పాత ధరకే అంటగట్టే షాపులు చూశాను, ప్యాకెట్ మీద ధర చూసుకుని కొనండి.

కూకట్‌పల్లి_లావణ్య
బాబు గారూ, మూడు వేలంటే మా అమ్మాయి డాన్స్ క్లాసు ఫీజు. ఇలా రాసి చూపించారు కాబట్టి తెలిసింది.

వైజాగ్_సురేఖ
171లో నా మూడు గంటలు ఎక్కడున్నాయో చూశాను బాబు గారూ, లేవు. కానీ నిజాంపేట నాన్న గారి ఆదివారం సాసు పద్ధతి నచ్చింది. మా వారికి పంపించా.

మెహదీపట్నం_మమ్మీ
వైట్ సాసు ఎవరూ చెప్పలేదు, మా పిల్లలు ఎర్రది ముట్టరు. నేను చేస్తే ఉండలు కట్టేస్తుంది.

పాకశాల_రమణ
నలుగురికి రెండు పెద్ద చెంచాల వెన్న, రెండు పెద్ద చెంచాల మైదా, రెండు కప్పుల పాలు. వెన్న కరగ్గానే మైదా వేసి సన్నమంట మీద రెండు నిమిషాలు వేయించండి, పచ్చివాసన పోవాలి, రంగు మాత్రం మారకూడదు. ఇప్పుడు పొయ్యి మీంచి దించి పాలు పావుకప్పు పోసి కలపండి. మొదట ముద్దలా అవుతుంది, భయపడకండి, ఇంకో పావుకప్పు, మళ్లీ కలపండి, వదులయ్యాక మిగతావి పోసి పొయ్యి మీద పెట్టండి. పాలన్నీ ఒకేసారి గుమ్మరిస్తేనే ఉండలు కట్టేది. విస్కు లేకపోతే మజ్జిగ చిలికే చిన్న కవ్వం వాడండి, దానికంటే మంచి పనిముట్టు లేదు. గరిటె వెనక పూతలా అంటుకుంటే అయిపోయినట్టే. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది, కాబట్టి కొంచెం పల్చగా ఉన్నప్పుడే దించేయండి. మిరియాల పొడి, ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి.

జాజికాయ వాడేవాళ్లు మనలో తక్కువ, ఒక్కసారి వేసి చూడండి.

బీపీ_జాగ్రత్త
రమణ గారూ, ఇటలీ లెక్క అన్నారు కాబట్టి అడుగుతున్నా, లీటరుకి పది గ్రాముల ఉప్పు వేయాలని కూడా ఇటలీవాళ్లు అంటారు. మూడు లీటర్లకి ముప్పై గ్రాములు! మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకి అయిదు గ్రాములు దాటొద్దంటుంది. మా ఇంట్లో ఇద్దరికి బీపీ.

పాకశాల_రమణ
ఆ ఉప్పులో ఎక్కువభాగం వార్చిన నీళ్లతో పోతుందండీ, పాస్తా పీల్చుకునేది కొంతే. అయినా మీ ఇంట్లో బీపీ ఉంది కాబట్టి సగం వేయండి, సాసులో ఉప్పు మానేయండి, చీజ్‌లో ఎలాగూ ఉంటుంది. గంజి పోసేటప్పుడు గుర్తుంచుకోండి, దాంట్లో కూడా ఉప్పుంటుంది. నీళ్లలో అసలు వేయకపోతే మాత్రం పాస్తా చప్పగా ఉంటుంది, పైన ఎంత చల్లినా లోపలికి పోదు.

బీపీ_జాగ్రత్త
సగం వేసి చూస్తా. నాకు ఇంకా ఎక్కువే అనిపిస్తోంది.

జీరోవేస్ట్_జయ
చీజ్ కూడా మానేయొచ్చు. దక్షిణ ఇటలీలో చీజ్ కొనలేని ఇళ్లల్లో ఎండిన రొట్టెని పొడి చేసి నూనెలో కరకరలాడేలా వేయించి పాస్తా మీద చల్లుకునేవాళ్లు. ఇంట్లో మిగిలిన బ్రెడ్ అంచులు నేను పారేయను, ఎండబెట్టి అలాగే చేస్తా. వేయించిన పల్లీల పొడి, నువ్వుల పొడి కూడా బావుంటాయి. ఇంకో సంగతి, శాకాహారులకి చెప్తున్నా, అసలైన ఇటలీ పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడతారు. ఇక్కడ కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూసుకోండి.

మెహదీపట్నం_మమ్మీ
అయ్యో, మా అత్తగారికి మొన్నే పెట్టాను. ఇంక ప్యాకెట్ చూసే కొంటా.

రవ్వదోస_రాజు
అన్నీ సరే, పిండిపదార్థమే కదా అంతా. వంద గ్రాముల పాస్తాలో ప్రొటీన్ ఎంత?

డల్లాస్_శీను
ఎండు పాస్తా వంద గ్రాముల్లో పన్నెండు పదమూడు గ్రాములు ఉంటుంది రాజు గారూ, మీరు అనుకున్నంత తక్కువేం కాదు. ఇటలీలో పేదిళ్ల వంట ఇంకోటుంది, శనగలు వేసి చేసే పాస్తా. మనం కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి కుక్కర్లో ఉడికించి సగం మెదిపి సగం అలాగే ఉంచి టమాటా సాసులో కలిపితే చాలు. శనగలు ఉడికిన నీళ్లు కూడా పోసేయండి. మా ఇంట్లో నెలకి రెండుసార్లు ఇదే.

రవ్వదోస_రాజు
శనగలతో అంటే నేనూ చేసి చూస్తా. మా మనవరాలు వస్తోంది ఆదివారం.

పిఠాపురం_అమ్మమ్మ
లావణ్యా, ఇంతమంది ఇంత చక్కగా చెప్పారు, నేను ఒక్క మాట చెప్తానమ్మా. మీ ఇంట్లో గవ్వల చెక్క ఉందా? పండక్కి బెల్లం గవ్వలు చేసుకుంటాం కదా, ఆ గీతల చెక్క. నిరుడు మా మనవలు సెలవలకి వచ్చి పాస్తా కావాలని పేచీ పెడితే మా ఊళ్లో ఆ పూట దొరకలేదు. బొంబాయి రవ్వ ఒక గ్లాసు మిక్సీలో మెత్తగా పట్టి, గోధుమపిండి ఒక గ్లాసు కలిపి, ఉప్పేసి, గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెం చిలకరిస్తూ పూరీపిండి కంటే గట్టిగా కలిపాను. పది నిమిషాలు మర్దన చేసి తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాను. తర్వాత శనగగింజంత ఉండ తీసి చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కి ముందుకి తోస్తే అదే చుట్టుకుని గవ్వై కింద పడుతుంది. పిల్లలు ఇద్దరూ పీటలేసుకుని కూర్చుని గంటసేపు ఫోన్ ముట్టలేదు. పాతచీర మీద ఆరబోసి ఫ్యాను కింద గంట ఉంచి మరిగే నీళ్లలో వేశాను, అడుక్కి పోయి పైకి తేలాక ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచి ఒకటి కొరికి చూసుకున్నాను. టమాటా ఉల్లిపాయ ఇగురులో కలిపాను. పెద్దాడు రెండోసారి పెట్టించుకున్నాడు.

హాస్టల్_304
అమ్మమ్మా 🙏🙏 ఆకలేస్తోంది

పాకశాల_రమణ
అమ్మమ్మ గారూ, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో సరిగ్గా ఇలాగే గీతల చెక్క మీద బొటనవేలితో దొర్లించి చేసే పాస్తా ఉంది, మల్లొరెడ్డూస్ అంటారు, అచ్చం గవ్వల్లా ఉంటాయి. అక్కడా గుడ్డు వేయరు, రవ్వ నీళ్లే. ఒక్కటే తేడా, వాళ్లది డ్యూరమ్ రవ్వ, మన బొంబాయి రవ్వ మామూలు గోధుమది, అందుకని ఒక నిమిషం ఎక్కువైనా మెత్తబడిపోతుంది, మీరు గంటసేపు ఆరబెట్టారు కాబట్టి నిలబడింది.

పిఠాపురం_అమ్మమ్మ
పేరు నోరు తిరగట్లేదు నాయనా. ఆరకపోతే చెదిరిపోతుందని గవ్వలు వేయించే అలవాటు మీద తెలిసింది.

నిజాంపేట_నాన్న
మిగిలిన పాస్తా సంగతి కూడా రాయండి ఎవరైనా. మేము ఒకసారి రాత్రంతా బయటే వదిలేసి పొద్దున వేడిచేసి తిన్నాం, ఇద్దరికి కడుపు పాడైంది.

పాకశాల_రమణ
అన్నానికైనా పాస్తాకైనా అదే జాగ్రత్త. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. బయట నిలవుంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఫ్రిజ్‌లోంచి తీశాక రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూకుట్లో వేడి చేస్తే మళ్లీ విడివిడిగా అవుతుంది.

కూకట్‌పల్లి_లావణ్య
చేశానండీ! శుక్రవారం రాత్రి పదకొండు దాటింది, అందరూ పడుకున్నారు, ఇది రాయకుండా నిద్ర పట్టట్లేదు.

ఆదివారమే కిలో టమాటాతో సాసు చేసి పెట్టా, మదనపల్లె వారు చెప్పినట్టు చేత్తోనే చిదిపా, సగం ఇవాళ వాడా, సగం డీప్ ఫ్రీజర్లో ఉంది. పెద్ద కుక్కర్ గిన్నెలో మూడు లీటర్లు పెట్టి మరిగాక 300 గ్రాములు వేసి మొదట రెండు నిమిషాలు కదలకుండా అక్కడే నిలబడి కలిపా. ప్యాకెట్ మీద 11 నిమిషాలుంది, తొమ్మిదో నిమిషంలో మా అమ్మాయి ఒకటి తీసి కొరికి "అమ్మా చుక్క ఉంది చుక్క ఉంది" అని అరిచింది. వెంటనే వార్చేశా. గంజి మాత్రం తీసి పెట్టడం మర్చిపోయా, మా ఆయన సింకు దగ్గర చిల్లుల గిన్నె కింద ఇంకో గిన్నె పెట్టి ఉంచారు కాబట్టి దక్కింది. రెండు గరిటెలు పోసి తిప్పగానే సాసు ఒక్కసారిగా దగ్గరపడి పాస్తాకి అతుక్కుంది, అంత తేడా వస్తుందని నేను నమ్మలేదు.

ఉప్పు కొంచెం తక్కువైంది, బీపీ గారి మాట విని సగం కంటే తక్కువ వేశా, వచ్చేవారం సగం వేస్తా. మావాడు మొదట అనుమానంగా చూశాడు, తర్వాత ప్లేటు ఖాళీ చేసి వేలితో సాసు తుడుచుకుని నాకాడు. ఇవాళ ఖర్చు 164, పాత ఆలివ్ ఆయిల్ సీసా ఇంకా ఉంది కాబట్టి నూనె లెక్కలో వేయలేదు. ఏడున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి తినేశాం. గిన్నెలు ఆయన తోమారు సురేఖ గారూ, స్టవ్వు కూడా తుడిచారు.

వైజాగ్_సురేఖ
చదువుతుంటే సంతోషంగా ఉంది లావణ్య గారూ. మా ఇంట్లో ఆదివారం సాసుకి మా వారు టమాటాలు తెచ్చారు, చిదిపే పని కూడా ఆయన్నే చేయమన్నా.

మదనపల్లె_టమాటా
ఇంకో నాలుగు కిలోలు పోయినాయి 🍅

ఓరుగల్లు_పిలగాడు
అక్కా వచ్చేవారం ఎల్లిపాయది చేసి చూడుండ్రి.

పిఠాపురం_అమ్మమ్మ
గవ్వల చెక్క దొరికిందా తల్లీ?

కూకట్‌పల్లి_లావణ్య
మా అత్తగారికి ఫోన్ చేశానమ్మా, తుని ఇంట్లో అటక మీద ఉందట, పదేళ్లుగా దించలేదన్నారు. వచ్చే నెల మామయ్య గారు హైదరాబాద్ వస్తూ తెస్తున్నారు. అది కడిగి ఎండలో పెట్టాలా, నూనె రాయాలా?

పిఠాపురం_అమ్మమ్మ
గోరువెచ్చని నీళ్లతో గీతల్లో పాతపిండి పోయేలా బ్రష్షు పెట్టి రుద్ది, ఎండలో ఆరబెట్టి, నువ్వులనూనె చుక్క చేత్తో పులిమి ఒక రాత్రి ఉంచు. పొద్దున గుడ్డతో తుడిచేయి. పిల్లలిద్దరికీ చెరో పీట వేయడం మర్చిపోకు.